తక్‌పట్టీలో కనిపించని 63 కిలోలు

2026 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అమ్మ నన్ను పత్తి చెక్క తెమ్మని దుకాణానికి పంపింది. చెక్క అంటే పత్తి గింజల్లోంచి నూనె పిండాక మిగిలేది, పశువులకు పెడతారు. మాకు రెండు బర్రెలున్నాయి. ఒకటి ఈని నెలన్నర అయింది, ఇంకోటి ఇవాళో రేపో అన్నట్టుంది, చెక్క లేకపోతే పొద్దు గడవదు. దుకాణాయన కిలో నలభై అన్నాడు. మొన్న ముప్పై ఎనిమిదే కదా అంటే "పైనుంచే పెరిగింది తమ్మీ" అన్నాడు. మా దగ్గర ఏది పెరిగినా పైనుంచే పెరుగుతుంది, ఆ పైన ఎవరుంటారో ఎవరూ అడగరు. బస్తా బండి మీద వేసుకొని ఇంటికొస్తే అమ్మ ఒక ముక్క తీసి విరిచి, వాసన చూసి, "మన పత్తి గింజలే గదరా ఇవి, నెల కింద అమ్మినం, ఇప్పుడు పైసలు పెట్టి కొంటున్నం" అంది. ఏదో మాట వరసకు అన్నదే, అని కుడితి కలపడానికి పోయింది. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది.

ఎందుకంటే హైదరాబాద్ రాకముందు నేను మూడేళ్లు ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తిలోంచి దూది, గింజ వేరుచేసే చోట, లెక్కలు రాశాను. ఏ మిల్లన్నది ఇక్కడ అనవసరం. పత్తి లోపలికి వచ్చేది, దూది బేళ్లు (నొక్కి కట్టిన మూటలు), గింజల లారీలు బయటికి పోయేవి రోజూ నా రిజిస్టర్‌లోనే ఎక్కేవి. ఇంట్లో ఏమో పత్తి పండించే బాపు, చెక్క కొనే అమ్మ. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పెట్టి చూడాలని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనిపించలేదంటే నా మీద నాకే నవ్వొచ్చింది. ఆ రాత్రి బాపు సంచిలోంచి తక్‌పట్టీ తీసుకొని కూర్చున్నా.

తక్‌పట్టీ చూడని వాళ్ల కోసం చెప్తా. మార్కెట్ యార్డులో కాటా అయ్యాక రైతు చేతికిచ్చే చీటీ అది. అందులో సరుకు పేరు, తూకం, క్వింటా ధర, తరువాత హమాలీ, దడువాయి (కాటా వేసేవాడు), చాట అంటూ కూలీల కోతలు, అడుగున చేతికొచ్చే మొత్తం. సరుకు పేరు దగ్గర ఒక్కటే మాట ఉంటుంది: పత్తి. మనం అమ్మిన దాంట్లో దాదాపు మూడింట రెండొంతుల బరువు గింజదే అన్న సంగతి ఆ చీటీలో ఎక్కడా ఉండదు.

క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే దూది 33 నుంచి 36 కిలోలు వస్తుంది, గింజ 62 నుంచి 64 కిలోలు, మిగతాది ఆకు, దుమ్ము, ఆరిపోయిన తేమ. లెక్క తేలిగ్గా ఉండడానికి దూది 34, గింజ 63 అనుకుందాం. 34 కిలోలు అనుకుంటే ఇంకో సుఖం కూడా ఉంది, బేలు 170 కిలోలు కాబట్టి సరిగ్గా ఐదు క్వింటాళ్ల పత్తికి ఒక బేలు.

ఇక్కడే మొదటి చిక్కు. ఒకే కాయలోంచి వచ్చిన సరుకులు, ఒక్కోదాని ధర ఒక్కో కొలతలో చెప్తారు. పత్తి క్వింటాల్లో. దూది క్యాండీల్లో, అంటే 356 కిలోలు. లెక్కపెట్టేది మళ్లీ బేళ్లలో. గింజ మన దగ్గర క్వింటా, గుజరాత్ వాళ్లతో ఫోన్లో మాట్లాడితే ఇరవై కిలోలకు చెప్తారు. నూనె పది కిలోలకు. చెక్క మిల్లు దగ్గర క్వింటా, దుకాణంలో కిలో. మిల్లులో చేరిన కొత్తలో నాకు రెండు నెలలు ఈ మార్పిడి లెక్కలతోనే తల తిరిగింది. నేను డిగ్రీ చదివి క్యాలిక్యులేటర్ పట్టుకున్నవాణ్ణి. యార్డులో తెల్లారుజామున చలిలో బండి పక్కన నిలబడ్డ రైతు "దూది క్యాండీ 55 వేలు" అని పేపర్లో చదివి తన పత్తికి ఎంత రావాలో లెక్కేసుకుంటాడని ఎవరైనా అంటే నేను నమ్మను.

సరే, లెక్క వేద్దాం. ఇవి 2025-26 సీజన్‌కి దగ్గరగా ఉండేలా నేను గుండ్రం చేసుకున్న అంకెలు, ఏ రోజు ధరో పట్టుకొని సరిపోల్చకండి. దూది క్యాండీ 55,000 అంటే కిలో 154 రూపాయల 50 పైసలు. 34 కిలోలకు 5,253. గింజ క్వింటా 3,400 అనుకుంటే 63 కిలోలకు 2,142. రెండూ కలిపి 7,395. బాపు అమ్మింది క్వింటా ఏడు వేలకు. అంటే జిన్నింగ్ మిల్లు చేతిలో మిగిలింది 395. అందులోంచే కరెంటు, హమాలీలు, బేలు కట్టే సామాను, మార్కెట్ ఫీజు, బ్యాంకు వడ్డీ, ఇన్సూరెన్స్ అన్నీ పోవాలి. పత్తి కుప్పకు నిప్పంటుకుంటే ఎట్లుంటుందో ఒకసారి కళ్లారా చూశాను కాబట్టి ఇన్సూరెన్స్ అన్న మాట తేలిగ్గా రాయడం లేదు.

గింజ వాటా చూడండి. 7,395లో 2,142, నూటికి 29. దూది ధర మీద అందరి కళ్లూ ఉంటాయి, టీవీలో కూడా అదే చెప్తారు. గింజ క్వింటాకు ఐదు వందలు పెరిగితే పత్తి విలువ 315 రూపాయలు పెరిగినట్టే. మరి ఆ 315 రైతు ధరలోకి వస్తుందా? వస్తుంది, కానీ ఆలస్యంగా. గింజ తగ్గినప్పుడు మాత్రం మర్నాటి జెండా పాటలోనే (యార్డులో పొద్దున్నే పాడే వేలం) తగ్గుతుంది. మూడేళ్లు రిజిస్టర్ రాసిన అనుభవంతో అంటున్న మాట ఇది, నా దగ్గర గ్రాఫులేం లేవు. సేటు ఫోన్లో గింజ ధర అడిగే తీరు చూసే చాలాసార్లు ఆ రోజు పత్తి కొనుగోలు ఎట్లా ఉంటుందో చెప్పేసేవాణ్ణి.

జిన్నింగ్ వాడి అసలు లాభం 395లో ఉండదు. క్వింటా పత్తికి దూది ఎంత శాతం దిగుతుందన్న దాంట్లో ఉంటుంది. మా మిల్లుకు సరుకు కొనే ఒక పెద్దాయన ఉండేవాడు. యార్డులో బస్తాలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు, రెండు కాయల పత్తి విడదీసి గింజ చుట్టూ పోగు ఎంత గట్టిగా పట్టుకుందో లాగి చూసేవాడు, ఆ గింజ పళ్ల మధ్య పెట్టి కొరికేవాడు. టక్కుమని విరిగితే ఎండింది. మెత్తగా నలిగితే నీళ్లున్నట్టు. ఉమ్మేసి, ఏమీ మాట్లాడకుండా ధర చెప్పేవాడు. దూది 33 దిగుతుందా 35 దిగుతుందా అన్నది ఆయన నోట్లోనే తేలిపోయేది. ఆ రెండు కిలోల తేడా చిన్నదేం కాదు. కిలో గింజ 34 రూపాయలు, కిలో దూది 154 రూపాయలు, అంటే ఒక కిలో గింజ వైపు నుంచి దూది వైపుకు జరిగితే 120 రూపాయలు. రెండు కిలోలకు 240. ఏడు వేలకు కొన్న అదే క్వింటా మీద ఒకడికి 275 మిగులుతుంది, ఇంకొకడికి 515. రైతుకు మాత్రం రెండు బస్తాలకూ దాదాపు ఒకే ధర. తన పత్తి ఎంత శాతం దిగుతుందో తెలిసిన రైతును మా యార్డులో నేను చూడలేదు. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలియదు. మార్జిన్ అంటే నాకు అర్థమైంది ఇదే.

తేమ సంగతి అందరికీ తెలిసిందే, కొంచెం చెప్పి వదిలేస్తా. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ, తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర ఇస్తుంది, ఆపైన 12 దాకా ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 దాటితే కొనదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వరంగల్ వైపు ఎట్లా కురిసిందో చూశారు కదా, చేన్లలో విచ్చిన కాయ విచ్చినట్టే తడిసింది. ఆ సీజన్‌కు పొడుగు పింజ (పోగు పొడుగున్న) పత్తికి మద్దతు ధర 8,110. చేతిలో సీసీఐకి అమ్మే రోజు బుక్ చేసుకునే కపాస్ కిసాన్ యాప్, అందులో స్లాట్ కోసం ఎదురుచూపులు, ఇంట్లో కూలీలకు ఇవ్వాల్సిన పైసలు. బాపు కొంత సీసీఐకి ఇచ్చాడు, స్లాట్ దొరికేలోపు మిగతాది ప్రైవేటుకు ఏడు వేలకు ఇచ్చేశాడు. ఎందుకు ఆగలేదని నేను అడగలేదు. అడిగే హక్కు ఆదివారం వచ్చి సోమవారం పోయేవాడికి ఉండదు.

కానీ ఆ 7,395 అన్న అంకె దగ్గరే ఇంకొక్క నిమిషం ఆగండి. దూది, గింజ రెండూ బయట అమ్మితే వచ్చేది 7,395 అయినప్పుడు ప్రైవేటు మిల్లు 8,110 పెట్టి ఎట్లా కొంటుంది? కొనదు. "దళారులు కుమ్మక్కై మద్దతు ధర ఇవ్వడం లేదు" అని ప్రతి ఏడూ వార్త వస్తుంది. కుమ్మక్కు ఉండదని నేను అనను, కళ్లతో చూశాను. అయినా ఆ సీజన్‌లో కుమ్మక్కు లేకపోయినా ఆ ధర వచ్చేది కాదు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 దాకా విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు, సరిగ్గా మన పత్తి యార్డుకు వచ్చే రోజుల్లో. స్పిన్నింగ్ మిల్లు వాళ్లకు బయటి దూది చవగ్గా దొరికితే ఇక్కడి క్యాండీ ధర ఎక్కడ లేస్తుంది. ఎక్కువ ధరకు కొన్న సీసీఐ ఆ దూదిని, గింజల్ని ఈ-వేలంలో మార్కెట్ ధరకే అమ్ముకోవాలి, తేడా సర్కారు భరిస్తుంది. 2022లో దీనికి పూర్తిగా తలకిందులు జరిగింది. ఆ ఏడు మొదట్లోనే పత్తి క్వింటా పది వేలు దాటింది, మే నెలకు దూది క్యాండీ లక్ష దాటింది, మద్దతు ధర 6,025 అని ఎవరికీ గుర్తు కూడా లేదు. మా ఊళ్లో డిసెంబర్‌లోనే అమ్మేసుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ సంవత్సరం గురించి మాట్లాడితే మొహం పక్కకు తిప్పుకుంటారు.

అమెరికాలో ఈ గింజ లెక్క వేరేగా నడుస్తుంది, తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది. అక్కడ రైతు పత్తి జిన్నింగ్‌కు ఇస్తే దూది రైతుదే, గింజ మాత్రం జిన్నింగ్ వాడు తీసుకుంటాడు, జిన్నింగ్ ఖర్చు ఆ గింజ విలువలో సరిపెట్టుకొని మిగిలితే రైతుకు తిరిగిస్తాడు. గింజ ధర బాగున్న ఏడు రైతు చేతికి నాలుగు డాలర్లు, బాగా లేని ఏడు జిన్నింగ్ బిల్లు. ఏదైనా గానీ గింజ అనేది కాగితం మీద ఉంటుంది, దానికో లైను ఉంటుంది. అక్కడి రైతులు సుఖంగా ఉన్నారని చెప్పడం లేదు, వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. ఆ ఒక్క లైను గురించే నా ఈర్ష్య.

ఇప్పుడు గింజ వెంట పోదాం. మా మిల్లు వెనకాల గింజల కుప్ప ఇంటి ఎత్తు ఉండేది. తడి పత్తి వచ్చిన రోజుల్లో ఆ కుప్పలో చెయ్యి పెడితే వేడిగా తగిలేది, పొద్దున్నే ఆవిరి కూడా వచ్చేది. అట్లా వేడెక్కిన గింజ నూనెలో పులుపు ఎక్కుతుంది, ఆయిల్ మిల్లు వాడు ధర కోస్తాడు, అందుకని లారీ ఎంత తొందరగా కదిలితే అంత మంచిది. ఆ తొందర తెలిసిన కొనుగోలుదారు రెండు రోజులు ఆగి ఫోన్ చేసేవాడు. రైతుకు యార్డులో జరిగేదే మా సేటుకు గింజల దగ్గర జరిగేది. అది చూసి లోపల కొంచెం సంతోషపడేవాణ్ణని దాచుకోను.

ఆయిల్ మిల్లులో గింజను మన దేశంలో ఎక్కువగా పొట్టు తీయకుండా, పైన అంటుకున్న నూగు తీయకుండా అట్లాగే ఎక్స్‌పెల్లర్లలో వేసి పిండుతారు. గింజలో 17, 18 శాతం నూనె ఉంటుంది, ఈ పద్ధతిలో క్వింటాకు దిగేది పది పన్నెండు కిలోలే. చెక్క 85 కిలోల దాకా వస్తుంది. మిగిలిన నూనె ఆ చెక్కలోనే ఉండిపోతుంది. మొదట వచ్చే నూనె నల్లగా, తారులాగా ఉంటుంది, గాసిపాల్ అనే పదార్థం వల్ల. కాస్టిక్ సోడాతో కడిగితే ఎర్రగా తేరుతుంది, దాన్నే వ్యాపారంలో వాష్ ఆయిల్ అంటారు. ఆ కడుగుడులో అడుగున మిగిలేది సబ్బుల వాళ్లకు పోతుంది. నూనె గుజరాత్‌లో నేరుగా వంటకే వాడతారు. మన దగ్గర "నేను పత్తి నూనె తింటున్నా" అని ఎవరూ అనరు గానీ మిక్చర్, చిప్స్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు ఎప్పుడైనా చదవండి, చాలాసార్లు కాటన్‌సీడ్ ఆయిల్ కనపడుతుంది.

పొట్టు, నూగు తీసి, పిండాక మిగిలిన నూనెను కూడా సాల్వెంట్‌తో లాగే పద్ధతి ఉంది, అమెరికాలో అదే నడుస్తుంది. రెండు వేల పౌండ్ల టన్ను గింజకు సుమారు 320 పౌండ్ల నూనె, 900 పౌండ్ల పిండి, 540 పౌండ్ల పొట్టు, 160 పైచిలుకు పౌండ్ల నూగు అని లెక్క. మనవాళ్లు ఎందుకు చేయరు అంటే "టెక్నాలజీ లేదు" అని చాలామంది రాస్తారు. నేనైతే అంత తేలిగ్గా ఒప్పుకోను. ఇక్కడ చెక్క కొనేది మా అమ్మలాంటి వాళ్లు. చెక్క విరిచినప్పుడు చేతికి జిడ్డు తగలాలి, వాసన రావాలి. ఆ ఆరేడు శాతం నూనె ఉంటేనే పాలల్లో వెన్న పడుతుందని వాళ్ల నమ్మకం, బర్రె కూడా అదే ఇష్టంగా తింటుంది. పొట్టు తీసిన పిండిలో మాంసకృత్తులు 40 శాతం దాకా ఉంటాయి, పొట్టుతో ఉన్న చెక్కలో 22 దగ్గరే. పుస్తకం ప్రకారం మొదటిదే మేలు. కానీ దాన్ని మా ఊరి దుకాణంలో పెడితే ఎవరూ ముట్టుకోరు. కాబట్టి నూనె నష్టం అని లెక్కల్లో రాసేది ఎక్కడికీ పోవడం లేదు, నలభై రూపాయల చెక్కలో దూరి బర్రె కడుపులోకి పోతోంది.

ఆయిల్ మిల్లు లెక్క కూడా వేసేద్దాం. క్వింటా గింజ 3,400. నూనె 11 కిలోలు, కిలో 120 చొప్పున 1,320. చెక్క 85 కిలోలు, క్వింటా 2,800 చొప్పున 2,380. మొత్తం 3,700. చేతిలో 300. ఇందులో ఒక తమాషా ఉంది. 3,700లో చెక్క వాటా నూటికి 64. నూనె గింజ అని పేరే గానీ మన దేశంలో పత్తి గింజ బర్రెల గింజ. నూనె ధర కంటే మహారాష్ట్ర అకోలా, గుజరాత్ కడి వైపు చెక్క ధర ఎట్లుందన్నదే గింజ ధరను ఎక్కువ లాగుతుంది, చెక్క మీద ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో ఫ్యూచర్స్ (ముందు నెలల ధరకు ఇప్పుడే బేరం) కూడా నడిచేది అందుకే. నూనె వైపు మన చేతిలో ఏమీ లేదు. దేశంలో తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, పామాయిల్ ఎటు పోతే పత్తి నూనె అటే. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, 2025 మే చివర్లో 16.5కు తగ్గించారు. చెక్క వైపు కొత్తగా ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్, అంటే ఇథనాల్ తీశాక మిగిలే ధాన్యపు పిప్పి, చవక దాణాగా దిగింది. మొక్కజొన్న ఇథనాల్‌కు పోతే పత్తి రైతు గింజ ధర మీద దెబ్బ పడుతుందని ఎవరైనా పదేళ్ల కింద చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

ఆ మూడు వందల్లోంచి జీఎస్టీ కూడా కొంత తింటుంది. గింజ మీద 5 శాతం, అంటే 170 రూపాయలు. నూనె మీద పన్ను ఉంది కాబట్టి ఆ మేరకు గింజ మీద కట్టింది క్రెడిట్‌గా సర్దుబాటు అవుతుంది, చెక్క మీద పన్ను లేదు కాబట్టి చెక్క వాటాకు వచ్చే వందా పైచిలుకు వెనక్కి రాదు. పశువుల దాణాకు పన్ను మినహాయించడం మంచిదే, కాదనను. ఆ మంచి పనికి బిల్లు మాత్రం మిల్లు వాడి దగ్గర ఆగి, తిరిగి గింజ ధరలోకి, అక్కడి నుంచి పత్తి ధరలోకి జారుతుంది. బిల్లు లేకుండా కదిలే లారీలు ఎందుకుంటాయో వేరే చెప్పాలా.

ఇప్పటిదాకా చూసింది: జిన్నింగ్ దగ్గర క్వింటా పత్తికి 395, ఆయిల్ మిల్లు దగ్గర క్వింటా గింజకు 300. ఇక దుకాణం. మిల్లు దగ్గర కిలో 28 ఉన్న చెక్క మా అమ్మ చేతికి 40కి వచ్చింది. కిలోకు 12, క్వింటాకు పన్నెండు వందలు! ఇది తేలినప్పుడు నేను రెండుసార్లు కూడాను. అందరం తిట్టేది జిన్నింగ్ సేటును, ఎవరూ ఏమీ అనంది పొద్దున లేస్తే నమస్తే పెట్టే దుకాణాయన్ని, లావు ముక్క ఉన్నది అక్కడ.

మరి ఆయన దోచుకుంటున్నాడా అంటే అదీ అంత సూటిగా లేదు. లారీ కిరాయి, హోల్‌సేల్ వాడి వాటా, దింపుడు హమాలీ, ఎలుకలు, తడిసి బూజుపట్టిన బస్తాలు. ఇవన్నీ కలిపినా పన్నెండు కావు. మిగతాది ఉద్దెర. మా ఊళ్లో చెక్కకు రొక్కం ఇచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాల బిల్లు వచ్చినప్పుడు ఇస్తారు, బర్రె వట్టిపోతే పత్తి అమ్మినప్పుడు ఇస్తారు, పత్తి మునిగితే ఇవ్వరు. దుకాణాయన నోటుబుక్కులో వడ్డీ అనే మాట ఉండదు, అది కిలో ధరలోనే ఉంటుంది, రొక్కం ఇచ్చేవాడు కూడా పక్కవాడి ఉద్దెరకు వడ్డీ కడుతున్నట్టే. ఆ రోజు నేను ఫోన్ పేలో అప్పటికప్పుడు కట్టాను. నలభైకే. రొక్కానికి తగ్గించవా అంటే "మీ అమ్మకు కూడా ఇదే రేటు తమ్మీ" అన్నాడు, అదేదో గౌరవం లాగా.

చెక్కలో కల్తీ సంగతి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. ఒకసారి మాకు వచ్చిన బస్తాలో సగం పొట్టు, అడుగున మట్టి. నీళ్లలో నానేస్తే అమ్మ చేతికి ఇసుక తగిలింది. అప్పటి నుంచే విరిచి వాసన చూడటం.

ఇప్పుడు అమ్మ అన్న మాటకు లెక్క. మేము అమ్మిన క్వింటా పత్తిలో 63 కిలోల గింజ. అందులోంచి వచ్చే చెక్క 53 కిలోల పైన. దాన్ని మేమే తిరిగి కిలో నలభైకి కొంటే 2,120 రూపాయలు. ఆ 63 కిలోల గింజ మొత్తానికి మాకు ముట్టింది, ముట్టిందనుకుంటే, 2,142. అంటే గింజ డబ్బు మొత్తం చెక్కకే సరిపోయింది. నూనె, ఏడు కిలోల దాకా వస్తుంది కదా, అది మధ్యలో ఉన్న అందరి ఖర్చులూ లాభాలూ వడ్డీలూ కలిపి తినేసింది. కాగితం అమ్మకు చూపించాను. "ఏడు కిలోల నూనెనా" అని ఒక్క మాట అడిగి, "అయితే ఆ నూనె మనం తింటామా ఏంది" అంది.

విత్తనం గురించి ఒక్క ముక్క రాయకపోతే నిద్ర పట్టదు. ఇదే పత్తి గింజ బీటీ ప్యాకెట్‌లో కూర్చుంటే 475 గ్రాములు 901 రూపాయలు, ఇది 2025 రేటు. కిలోకు 1,900 దాకా పడుతుంది. యార్డు గేటు దాటి బయటికి వచ్చేసరికి అదే జాతి గింజ కిలో 34. రెండూ ఒకటి కాదు, గద్వాల వైపు చేలల్లో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది చేసే హైబ్రిడ్ అది, పని ఉంది, ఒప్పుకుంటా. అయినా ఆ ధర ఎంత దాకా పోయేదో గుర్తుందా? ఒకప్పుడు ప్యాకెట్ 1,600 నుంచి 1,850. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీల గుత్తాధిపత్యం మీద విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయాక 750కి దిగింది. ఆ పాత ధరలో పన్నెండు వందల దాకా ఒక్క బీటీ జన్యువుకు కంపెనీ తీసుకునే రాయల్టీయే అని అప్పుడే బయటపడింది. ధరలో ఎవరి వాటా ఎంతో చీటీ మీదికి వస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. 2015 డిసెంబర్ నుంచి విత్తనం ధర కేంద్రమే ఖరారు చేస్తోంది, ఆ రాయల్టీ 2020కి సున్నా అయింది. విత్తన గింజకు జరిగిన లెక్క నూనె గింజకు ఎందుకు జరగదో నాకు తెలియక కాదు, ప్యాకెట్ కొనేది రైతు, అక్కడ ఓట్లు కనపడతాయి. గింజ అమ్మేది కూడా రైతే, కానీ తాను గింజ అమ్ముతున్నట్టు చీటీలో లేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో మిగిలిన కొసరు పత్తి తీసి తూకం వేశా, పావు కిలో. మిల్లులో మూడేళ్లు మెషిన్ల మధ్య తిరిగాను గానీ మా చేను పత్తి ఎంత దిగుతుందో ఎప్పుడూ చూడలేదు. నేను, అమ్మ అరుగు మీద కూర్చొని చేత్తోనే గింజ వలిచాం. పావు కిలోకు పదిహేను వందలకు పైగా గింజలుంటాయి, రెండు గంటలు దాటింది, నా వేళ్లు గీరుకుపోయాయి, అమ్మ మాత్రం మాట్లాడుతూనే నాకంటే రెండింతలు వలిచేసింది. వంటింటి కాటా మీద పెడితే దూది 86 గ్రాములు, గింజ 161, చెత్త 3. అంటే 34.4 శాతం. బాపు పక్కన నిలబడి చూస్తున్నాడు. "ఎంతున్నట్టు?" అన్నాడు. చెప్పాను. "మంచిదేనా?" అన్నాడు. బాగుందన్నాను. ఇంకేమీ అడగలేదు, కానీ సాయంత్రం ఎవరితోనో ఫోన్లో "మనది ముప్పై నాలుగున్నర దిగుతది" అనడం విన్నాను, సున్నా పాయింట్ ఒకటి తనే కలిపేసుకున్నాడు.

దూది అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది, వత్తులకు. గింజలు రాత్రి గిన్నెలో నానేసి, మర్నాడు పొద్దున తీసి, ఈనిన బర్రె ముందు పెట్టింది. అది ఒక్క గుక్కలో నాకేసి ఖాళీ గిన్నెను తోసింది. నేను బస్సుకు టైమవుతోందని సంచి సర్దుకుంటుంటే అమ్మ గుమ్మం దగ్గరకొచ్చి, వచ్చే నెల వచ్చేటప్పుడు చెక్క వరంగల్‌లో ఎంతుందో కనుక్కొని రమ్మంది.